లక్ష్మీకాంతమ్మగారి నడుమూ వెనక చక్రమూ

బందరులో కోనేరు సెంటరు దాటగానే ఎడంచేతి పక్క సైకిలు షాపు హనీఫ్‌ది. హనీఫ్‌కి లోకంలో వంకరగా ఉన్నదేదీ గిట్టదు. ఇంట్లో చాప కాస్త ఏటవాలుగా పరిస్తే లేచి దాన్ని గోడకి సమంగా సర్దితేగాని ముద్ద గొంతు దిగదు. పెళ్ళిచూపుల్లో సలీమా మొహంకంటే ముందు పాపిడి చూశాడనీ, అది తిన్నగా ఉండబట్టే సరేనన్నాడనీ తల్లి ఆమినా బీ ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. అటువంటి మనిషికి సైకిలు చక్రాలు బాగుచేసే పని దొరకడం అతని అదృష్టమో, చక్రాల అదృష్టమో చెప్పడం కష్టం.

సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని గిర్రున తిప్పి, రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్యనున్న సందులో కన్ను పెట్టి కూర్చునేవాడు. రిమ్ము కుడికి ఒరిగిన చోట ఎడమవైపు స్పోకు రవ్వంత బిగించేవాడు, కుడివైపు స్పోకు రవ్వంత వదులు చేసేవాడు. మళ్ళీ తిప్పేవాడు, మళ్ళీ చూసేవాడు. చక్రం తిరుగుతోందా, నిలబడి ఉందా అని పక్కవాళ్ళు అడిగేంత నికరంగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. దివిసీమ ఊళ్ళ నించి కూడా జనం చక్రాలు భుజాన వేసుకుని అతని దగ్గరికి వచ్చేవాళ్ళు.

రోడ్డుకి అవతల, హనీఫ్ షాపుకి సరిగ్గా ఎదురుగా, కాలిపోయిన మోటార్లకి మళ్ళీ రాగితీగ చుట్టి ఇచ్చే షాపు కాంతారావుది. అతనిది గుడివాడ. బందరు పిల్ల ప్రభావతిని చేసుకుని అత్తగారింట్లోనే ఉండిపోయాడు. ఆ అత్తగారే లక్ష్మీకాంతమ్మ. ఆవిడ ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడదు. ఏదైనా ఒక్కసారి చెబుతుంది, అది జరిగిపోతుంది. హనీఫ్, కాంతారావు ఇద్దరూ ఎదురెదురు షాపులవాళ్ళు కాబట్టి ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు.

డెబ్భైతొమ్మిది ఎండాకాలంలో కాంతారావుకి కరెంటు సైకిలు తయారుచెయ్యాలని బుద్ధి పుట్టింది. ఉప్పెనలో మునిగి మూలపడిన ఒక జీపు డైనమో అతని షాపులో దుమ్ముకొట్టుకుని ఉంది. డైనమోని తిప్పితే కరెంటు వస్తుంది కదా, అలాంటప్పుడు కరెంటిస్తే డైనమో తిరక్కేం చేస్తుందని అతని వాదన. నిజంగానే తిరిగింది. సైకిలు నడిమి కడ్డీల మధ్య చెక్కపెట్టె బిగించి అందులో లారీ బ్యాటరీ పెట్టాడు. డైనమోని సీటు కింద కట్టాడు. దాన్నించి బెల్టు వేసి వెనక చక్రాన్ని తిప్పాలి. అందుకోసం పళ్ళెమంత ఇనప కప్పీ ఒకటి తెచ్చి వెనక చక్రం స్పోకులకి బోల్టులతో బిగించాడు.

ఆ కప్పీ చూడగానే హనీఫ్ చేతిలో పని వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు. స్పోకులు ఉన్నది బరువు మొయ్యడానికి బావా, దానికి బెల్టు తగిలించి ఒకపక్కకే లాగితే నాలుగు రోజుల్లో చక్రం వంకరపోతుందని చెప్పాడు. వంకరపోతే సరిచెయ్యడానికి నువ్వున్నావుగా అని కాంతారావు నవ్వేసి, సైకిలెక్కి మీట నొక్కాడు. సైకిలు గుయ్యిమని మూలిగి, కదిలి, తొక్కకుండానే రాబర్ట్‌సన్‌పేట దాకా వెళ్ళివచ్చింది. దారిపొడుగునా జనం నిలబడిపోయి చూశారు. ఒక ముసలాయన తొక్కడం మర్చిపోయావు నాయనా అని కాంతారావుని హెచ్చరించాడు కూడా.

ఇక లక్ష్మీకాంతమ్మగారి సంగతి. ఆవిడ భారీ మనిషి. ఆ ఏడాది ఆవకాయ జాడీ ఒంటిచేత్తో అటకెక్కించబోయి నడుం పట్టేసింది. అప్పటినించీ వంగలేదు, వంగితే లేవలేదు. భూషణం డాక్టరుగారు ఇచ్చిన తైలాలన్నీ అయ్యాయి. ఆయన పట్నంలో ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, ఆ పెద్ద డాక్టరు పోయాక తనే డాక్టరైన మనిషి. తైలాలు అయిపోయాక ఆవిడ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది, నడుం తగ్గిస్తే పుట్టలో పాలు పోస్తానని. తగ్గాక పొయ్యాలా, పోశాక తగ్గుతుందా అనే విషయం ఆలోచించి, ముందు పోసేస్తేనే మర్యాదగా ఉంటుందని తేల్చుకుంది. బస్సెక్కుదామంటే మెట్టు ఎత్తు. అందుకని అల్లుణ్ణి పిలిచి, మంగళవారం నన్ను నీ కరెంటు సైకిలు మీద మోపిదేవి తీసుకెళ్ళు అని ఒక్కసారి చెప్పింది.

వెనక క్యారియరు మీద బొంత నాలుగు మడతలు వేసి కట్టారు. తెల్లారి బయల్దేరారు. చల్లపల్లిలో ఆవిడ పెత్తల్లి కొడుకు నరసింహానికి రైసుమిల్లు ఉంది. అక్కడ భోజనంచేసి కునుకు తీసేలోపు బ్యాటరీకి చార్జింగు పెట్టుకున్నారు. పాలు పొయ్యడమూ దర్శనమూ సవ్యంగానే జరిగాయి. తిరిగొచ్చేటప్పుడే స్పోకులు ఒక్కొక్కటే వదులవడం మొదలుపెట్టాయి. కొత్తమాజేరు దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రం అటోసారి ఇటోసారి ఫోర్కుని రాసుకుంటూ, ఏనుగు నడిచినట్టు ఊగుతోంది. కాంతారావు చేతులు తిమ్మిరెక్కాయి.

బందరు చేరి సరాసరి హనీఫ్ షాపు ముందు ఆపాడు. లక్ష్మీకాంతమ్మ దిగింది. దిగడంలో ప్రసాదం సంచి జారి అరటిపళ్ళు రోడ్డున పడ్డాయి. ఆవిడ వంగి, నాలుగూ ఏరుకుని, లేచి, చీర దులుపుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. కాంతారావు నోరు తెరుచుకుని అలా చూస్తూ నిలబడిపోయాడు. హనీఫ్ మాత్రం ఇవేవీ గమనించలేదు. అతని చూపంతా వెనక చక్రం మీదే ఉంది. దాన్ని ఆ స్థితిలో ఒక్క పూట కూడా వదిలిపెట్టడం అతనివల్ల కాలేదు. ఎవరూ అడక్కుండానే విప్పి, వంగిపోయిన స్పోకులు తీసి కొత్తవి వేసి, చక్రాన్ని అద్దంలా చేసి, ఆ సాయంత్రమే కాంతారావుకి అప్పగించాడు.

మర్నాడు లక్ష్మీకాంతమ్మ ఆ సైకిలు మీదే చిలకలపూడిలో చుట్టాలింటికి వెళ్ళివచ్చింది. వచ్చేసరికి నడుం మళ్ళీ ఎప్పటిలాగే పట్టేసింది. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని చాలాసేపు ఆలోచించింది. స్వామి మారలేదు, రోడ్డు మారలేదు, అల్లుడు మారలేదు, బొంత మారలేదు. మారిందేమిటో తేలగానే లేచి హనీఫ్ షాపుకి వచ్చింది.

"అబ్బాయ్, నిన్న ఆ వెనక చక్రానికి ఏం చేశావు?"

"బెండు తీశానండీ పిన్నిగారూ. బాగా వంకరపోయింది."

"తియ్యమని ఎవరు చెప్పారు?"

హనీఫ్ చేతిలో ఉన్న స్పోకు కీ వంక చూసుకున్నాడు. వంకర తియ్యమని ఒకరు చెప్పాలా?

"మళ్ళీ పెట్టు," అంది లక్ష్మీకాంతమ్మ.

ఆవిడ నడుం సంగతంతా విని, హనీఫ్ చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా తన కష్టం చెప్పుకున్నాడు. తన చేత్తో చక్రానికి వంకర పెట్టడం జరగని పని. కావాలంటే తెలిసిన పహిల్వాన్ ఒకాయన ఉన్నాడు, ఆయన చేత నడుం మర్దనా చేయిస్తాడు. కావాలంటే బొంతలో గులకరాళ్ళు కుట్టిస్తాడు. చక్రం జోలికి మాత్రం వెళ్ళడు. లక్ష్మీకాంతమ్మ వాదించలేదు. షాపులో గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ, స్వామి చక్రం రూపంలో ఇచ్చిన నయాన్ని ఈ అబ్బాయి స్పోకు కీ పెట్టి ఎలా తిప్పికొట్టాడో మెల్లిగా, ఏమాత్రం కోపం లేకుండా చెప్పడం మొదలుపెట్టింది. విన్నవాళ్ళు హనీఫ్ వంక అదోలా చూసి వెళ్ళారు.

ఇంతలో ఆమినా బీ కొడుక్కి అన్నం క్యారియరు తీసుకుని వచ్చింది. బల్ల మీద చోటు ఒకటే మిగిలింది. ఇద్దరు ముసలమ్మలూ పక్కపక్కన కూర్చుని, ముందు ఎండల గురించీ, తర్వాత రొయ్యల గురించీ మాట్లాడుకుని, చివరికి నడుముల దగ్గరికి వచ్చారు. ఆమినా బీ నడుము లక్ష్మీకాంతమ్మ నడుముకంటే ముదిరింది. నమాజుకి వంగినప్పుడల్లా ఆవిడకి అల్లా గుర్తొచ్చేదీ, నడుమూ గుర్తొచ్చేదీ ఒకేసారి. కొత్త వదినగారు చెప్పిన వైద్యం ఆవిడ శ్రద్ధగా విని, కొడుకు వైపు తిరిగింది.

"పెట్టరా ఆ వంకర," అంది.

హనీఫ్ అన్నం మూత తియ్యకుండానే పనిలోకి దిగాడు.

తిన్నటి చక్రానికి వంకర పెట్టడం ఏమంత పని, నాలుగు స్పోకులు వదిలితే సరిపోతుందనుకున్నాడు. నాలుగు వదిలాడు. లక్ష్మీకాంతమ్మ సెంటరు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి పెదవి విరిచింది. ఇది ఉయ్యాలలాగా ఉంది, నిన్నటిది జల్లెడలాగా ఉంది, నాకు జల్లెడ కావాలంది. ఇంకో నాలుగు వదిలాడు. ఈసారి చక్రం ఫోర్కుకి తగులుకుని ఆగిపోయింది, కాంతారావు హ్యాండిలు మీదనించి ముందుకి తూలాడు. హనీఫ్ రెండో రోజు కూడా చేశాడు, మూడో రోజు కూడా చేశాడు. వంకరకి కూడా ఒక లెక్క ఉందని అతనికి అప్పుడు బోధపడింది. రిమ్ము అటు ఎంత వెళ్తే ఇటు అంతే రావాలి, వచ్చేటప్పుడు విదిలించాలి, ఫోర్కుని మాత్రం ముట్టకూడదు. చివరికి అలాంటి చక్రం తయారైంది. లక్ష్మీకాంతమ్మ తిరిగొచ్చి, కింద పడ్డ నట్టు వంగి తీసి అతని చేతికిచ్చింది. హనీఫ్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత ఆమినా బీ ఎక్కింది. కొడుకు కొంగుపట్టి సరిచేసి కూర్చోబెట్టాడు. తిరిగొచ్చి ఆవిడ తల అడ్డంగా ఊపింది. పక్కకి ఊగడం వదినకి పడిందేమోగాని తనకి కడుపులో తిప్పుతోందట. తనకి కావలసింది కిందనించి ఎత్తెయ్యడమట, చిన్నప్పుడు ఎడ్లబండి కాలువ తూము ఎక్కి దిగినట్టు. చక్రాలకి వచ్చే రోగాలు రెండే రెండని హనీఫ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటి పక్కకి ఊగడం, రెండోది గుండ్రం చెడి ఎగరడం. ఇన్నేళ్ళూ అతను ఆ రెంటితోనే పోట్లాడుతూ వచ్చాడు. ఇప్పుడు ఒక రోగం పిన్నిగారికీ, ఇంకొకటి అమ్మకీ వైద్యమైంది.

అక్కణ్ణించి అతని బతుకు బతుకు కాదు. పొద్దున లక్ష్మీకాంతమ్మ తిరిగేవేళకి చక్రం ఊగేట్టు పెట్టాలి. సాయంత్రం ఆమినా బీ తిరిగేవేళకి ఊపు తీసి ఎగిరేట్టు పెట్టాలి. మధ్యాహ్నమంతా స్పోకులు వదులుతూ బిగిస్తూ ఉండేసరికి స్పోకుల మరలు అరిగిపోయాయి, అతని వేళ్ళూ అరిగిపోయాయి. కాంతారావు హ్యాండిలు పట్టుకోవడం తప్ప ఇంకో పని లేకుండా అయ్యాడు. అతని షాపులో కాలిన మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి.

సంగతి ఊళ్ళో పాకింది. భూషణం డాక్టరుగారు మొదట తన తైలాలకి గండి పడిందని గొడవకి వచ్చాడు. వచ్చినవాణ్ణి లక్ష్మీకాంతమ్మ ఒకసారి ఎక్కి చూడమంది. ఎక్కాడు. దిగిన తర్వాత గొడవ మాటెత్తలేదు. మరుసటి రోజు నించీ నడుం నొప్పి వాళ్ళకి చీటీ మీద హనీఫ్ చక్రం, పొద్దునా సాయంత్రం, భోజనానికి ముందు అని రాసివ్వడం మొదలుపెట్టాడు. అంతకంటే పెద్ద దెబ్బ హనీఫ్‌కి పాత గిరాకీల వల్ల తగిలింది. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ఒకతని సైకిలు ముందు చక్రం దారుణంగా వంకరపోయి ఉంది. హనీఫ్ ఆత్రంగా కీ తీసుకుని దగ్గరికి వెళ్తే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఉంచండి, మా నాన్నగారికి పనికొస్తుందన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర హనీఫ్ తల పట్టుకుని కూర్చున్నాడు. చాప ఏటవాలుగా ఉంది, అయినా సర్దలేదు. సలీమాకి అది చూసి నిజంగానే భయం వేసింది. ఊరంతా వంకర చక్రాల మీద తిరగడం మొదలుపెడితే తనకి ఈ ఊళ్ళో పనేమిటని అడిగాడు. ముందు ఈ స్పోకులు రోజుకి రెండుసార్లు వదలడం, బిగించడం ఎలా తప్పించుకోవాలో చెప్పమన్నాడు. సలీమా అతని కంచంలో ఇంకో చేపముక్క వేస్తూ చెప్పింది, రిక్షాకి వెనకాల రెండు చక్రాలుంటాయి కదా, ఇద్దరికీ చెరొకటి ఇచ్చేస్తే సరి.

హనీఫ్ ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు.

తెల్లారేసరికి కాంతారావుకి ఈ మాట చెప్పాడు. అతను ఎగిరి గంతేశాడు. బసవపున్నయ్య అనే ఆయన రిక్షా తొక్కడం మానేసి కిళ్ళీకొట్టు పెట్టుకున్నాడు, ఆయన రిక్షా కొట్టు వెనక రేకుల కింద ఖాళీగా పడి ఉంది. దాన్ని తెచ్చుకున్నారు. డైనమో రిక్షాకి మారింది. బ్యాటరీ సీటు కిందికి వెళ్ళింది. హనీఫ్ ఎడమ చక్రాన్ని లక్ష్మీకాంతమ్మ కోసం ఊగేట్టు చేశాడు, కుడి చక్రాన్ని తల్లి కోసం ఎగిరేట్టు చేశాడు. రెండూ తన చేతుల మీదుగా పుట్టిన అష్టావక్రాలే. వాటివంక చూడలేక ముందు చక్రం మీద పడ్డాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి అది పూర్తిగా అతనిది. రోజల్లా దాన్నే సాధించి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేసి, మనసు బరువైనప్పుడల్లా వెళ్ళి దాన్ని తిప్పి చూసుకుని వచ్చేవాడు.

మంగళవారం ప్రయాణం పెట్టుకున్నారు. లక్ష్మీకాంతమ్మకి మోపిదేవిలో రెండో మొక్కు ఉంది. ఆమినా బీకి చల్లపల్లిలో అక్కగారు ఖాసింబీ ఉంది, ఆవిణ్ణి చూసి రావచ్చు. ఇద్దరూ పొద్దున్నే పిండివంటల డబ్బాలతో వచ్చి ఎవరి చక్రం వైపు వాళ్ళు కూర్చున్నారు. కాంతారావు ముందు కూర్చుని మీట నొక్కాడు. హనీఫ్ పానాల సంచి భుజాన వేసుకుని తన సైకిలు మీద వెనకాలే బయల్దేరాడు.

ఊళ్ళో ఉన్నంతసేపూ అంతా అనుకున్నట్టే జరిగింది. లక్ష్మీకాంతమ్మ పక్కకి ఊగింది, ఆమినా బీ పైకి ఎగిరింది. ఒకావిడ ఊగినప్పుడు రెండో ఆవిడని గుద్దింది, రెండో ఆవిడ ఎగిరినప్పుడు మొదటావిడ డబ్బా మూత ఊడింది. ఇద్దరి మొహాల్లోనూ ఎంతో తృప్తి ఉంది. ఊరు దాటి కాలువగట్టు ఎక్కాక కాంతారావు కాస్త వేగం పెంచాడు. అప్పుడు హనీఫ్‌కి ఏదో తేడాగా అనిపించింది. రిక్షా ఊగడం లేదు. ఎగరడమూ లేదు.

కళ్ళు నులుముకుని దగ్గరగా వెళ్ళి చూశాడు. ఎడమ చక్రం ఊగుతూనే ఉంది. కుడి చక్రం ఎగురుతూనే ఉంది. కాని అది ఇటు ఒరిగే వేళకి ఇది అటు లేస్తోంది, ఇది దిగే వేళకి అది తిరిగి వస్తోంది. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకదాని వంకర ఇంకొకటి మింగేస్తున్నాయి. పైన సీటు మాత్రం నీళ్ళ మీద పడవలా పోతోంది. హనీఫ్ ఒక పక్క నించి చూశాడు, ఇంకో పక్కకి వెళ్ళి చూశాడు, అలా చూస్తూ చూస్తూ వరిచేలో ఎక్కడ దిగబడతాడో అన్నంతగా గట్టు అంచుకి వెళ్ళిపోయాడు. అన్నేళ్ళలో తను చేసిన బండి ఏదీ ఇంత నికరంగా నడవడం అతను చూడలేదు.

కొత్తమాజేరు దాటేసరికి లక్ష్మీకాంతమ్మ తల ఆమినా బీ భుజం మీద వాలింది. ఇంకాస్త వెళ్ళేసరికి ఆమినా బీ తల లక్ష్మీకాంతమ్మ తల మీద వాలింది. కాంతారావు వెనక్కి తిరిగి హనీఫ్‌కి సైగ చేశాడు, ఏమిటిదని. హనీఫ్ తెలీదన్నట్టు చెయ్యి తిప్పాడు. ఇద్దరూ ఇంక మాట్లాడకుండా, నిద్రపోతున్న పసిపిల్లల ఉయ్యాల నెట్టుకెళ్తున్నంత జాగ్రత్తగా చల్లపల్లి చేరి, నరసింహం రైసుమిల్లు గేటు దగ్గర ఆపారు.

ఆగేసరికి మెలకువ వచ్చింది. లక్ష్మీకాంతమ్మ చుట్టూ చూసి, మిల్లు గుర్తుపట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కిందికి దూకినట్టే దిగింది. ఆమినా బీ కూడా అంతే దిగింది. ఇద్దరికీ అంత కోపం వచ్చింది.

"దారంతా నిద్రపోయాం," అంది లక్ష్మీకాంతమ్మ.

"మంచిదేకదండీ పిన్నిగారూ."

"ఊపు ఉంటే నిద్ర ఎలా పడుతుంది? వంకరలు తీసేశావు కదూ."

హనీఫ్ తీయలేదన్నాడు. ఒట్టు వెయ్యమంటే వేశాడు. తల్లి మీద వెయ్యబోతే ఆమినా బీ చెయ్యి వెనక్కి లాక్కుంది. చిన్నప్పణ్ణించీ వీడింతే వదినా, నేను పక్క తిప్పి వేసిన దుప్పటి కూడా లేచి సరిచేసేవాడు, వీడి మాట నమ్మకు అంది. ఈ గొడవకి మిల్లులో ధాన్యం దించే హమాలీలంతా వచ్చి చుట్టూ మూగారు. నరసింహం కూడా భోజనం మధ్యలో లేచి, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని వచ్చాడు.

హనీఫ్‌కి ఇంక దారి లేకపోయింది. హమాలీల చేత రిక్షా వెనకభాగం పైకి ఎత్తించాడు. అందరి ముందూ ఎడమ చక్రం తిప్పాడు. అది అటూ ఇటూ పొర్లాడింది. కుడి చక్రం తిప్పాడు. అది ఎగిరెగిరిపడింది. ఇంత ఛండాలమైన చక్రాలు తన జన్మలో చూడలేదని నరసింహం ఒప్పుకున్నాడు. తర్వాత రిక్షా దింపించి, ఖాళీ సీటు మీద చెంబెడు నీళ్ళు పెట్టించి, మిల్లు గేటు నించి ధాన్యం కుప్ప దాకా కాంతారావుని నడపమన్నాడు. చెంబులో నీళ్ళు తొణకలేదు.

హమాలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లక్ష్మీకాంతమ్మ చెంబువంకా చూసింది, చక్రాలవంకా చూసింది, చివరికి హనీఫ్‌వంక చూసింది. ఆవిడ కోపం పోయింది. దాని స్థానంలో జాలి వచ్చింది.

"నీ తప్పేం లేదులే నాయనా. వంకర పెట్టడం నీ చేతికి రాదు. నువ్వు ఎంత చెడగొట్టినా అది తిన్నగానే నడుస్తుంది."

ఆమినా బీ కూడా అవునని తల ఊపింది. హనీఫ్ చక్రం దగ్గర గొంతుకూర్చుని, ఏదో స్పోకు చూస్తున్నట్టు తల లోపలికి పెట్టేశాడు. ఆ మాటలతో అతని మొహం ఎంత వెలిగిపోయిందో వాళ్ళు చూడడం అతనికి ఇష్టంలేదు. ఆ ఊళ్ళో, ఆ మిల్లులో, అంతమంది ముందు అంతకంటే గొప్పగా అతన్ని ఎవరు పొగడగలరు?

మోపిదేవికి మాత్రం లక్ష్మీకాంతమ్మ ఆ రిక్షా మీద వెళ్ళనంది. ఈ మెత్తటి బండి ఎక్కితే స్వామి ఎదట కూడా తూగుతానంది. ఖాసింబీ ఇంట్లో ఆమినా బీ కబుర్లు అయ్యేవేళకి ఆవిడ ఎవరిదో జట్కా మీద వెళ్ళి పాలు పోసి తిరిగొచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి అవనిగడ్డ నించి బందరు వెళ్ళే బస్సు ఆపారు. కోపంలో ఎక్కారు కాబట్టి మెట్టు ఎత్తన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. బస్సు నిండిపోయి ఉంది. చిట్టచివరి బల్ల మీద, ఒక కోళ్ళగంపకీ ఇంకో కోళ్ళగంపకీ మధ్య, ఇద్దరు పట్టేంత చోటు మాత్రం ఉంది.

బావలిద్దరూ రిక్షా తోలుకుని చీకటిపడే వేళకి బందరు చేరారు. ఆడవాళ్ళు ఎప్పుడో వచ్చేశారు. లక్ష్మీకాంతమ్మగారి వరండాలో పీటలు వేసుకుని చింతకాయలు దంచుతున్నారు. రోకలి ఆవిడ ఎత్తుతోంది, వంగి వంగి కాయలు రోట్లోకి తోస్తున్నది ఆమినా బీ. కాంతారావుని చూసి అత్తగారు రోకలి ఆపి, ఆ బస్సు వెనక బల్ల గురించి చెప్పింది. పక్కకి ఊగుతుందట, పైకి ఎగురుతుందట, రెండూ ఒకేసారి చేస్తుందట, పైగా ఎక్కడా ఒకదాన్నొకటి మింగేసుకోవట. నువ్వు రేపణ్ణించి షాపు తెరుచుకోవచ్చు నాయనా అంది అల్లుడితో.

మర్నాడే కాంతారావు డైనమో విప్పి మూల పెట్టాడు. గుట్టగా పడి ఉన్న మోటార్లలో పైదాన్ని తీసి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. బసవపున్నయ్య రిక్షా తిరిగి రేకుల కిందికి వెళ్ళింది. వెళ్ళేముందు హనీఫ్ దాని రెండు చక్రాలూ సరిచేశాడు. సరిచేశాక అది నడుస్తూంటే చూసి, రెండు వంకరలతోనే ఇంకాస్త మెత్తగా నడిచేదేమోనని అతనికి అనుమానం కలిగింది. ఆ అనుమానం ఎవరికీ చెప్పలేదు. సలీమాకి కూడా చెప్పలేదు. భూషణం డాక్టరుగారు చీటీల మీద ఇప్పుడు బస్సు టైము రాస్తున్నాడు, చివరి బల్ల అని కింద గీత గీసి మరీ. వంకర చక్రం నాన్నగారి కోసం దాచుకున్నతను కూడా వచ్చి బెండు తీయించుకుపోయాడు.

ఆ తర్వాత మంగళవారం హనీఫ్ తల్లిని బస్సెక్కించడానికి వెళ్ళాడు. లక్ష్మీకాంతమ్మ అప్పటికే వెనక కిటికీ దగ్గర చోటు పట్టుకుని కూర్చుంది. తల్లిని ఎక్కించి, డబ్బా అందించి, హనీఫ్ రెండడుగులు వెనక్కి వేశాడు. బస్సు కదిలి, జనం అడ్డొచ్చి మళ్ళీ ఆగింది. అంత చిన్న కదలికలోనే వెనక చక్రం అడ్డదిడ్డంగా తూలడం అతని కంటపడింది. అతను తనకి తెలియకుండానే చక్రం దగ్గరికి వెళ్ళి, వంగి, రిమ్ముకి కన్ను ఆనించి చూస్తున్నాడు. చెయ్యి జేబులో ఉన్న పానా కోసం వెతుక్కుంటోంది.

పైన కిటికీలోంచి లక్ష్మీకాంతమ్మ తల బయటికి వచ్చింది.

"అబ్బాయ్," అంది ఆవిడ, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా, "ఇవతలికి రా."